నర్స్ ప్రాక్టీషనర్లకు పాఠం చెప్పాలనుకునేవారికి: మీ ప్రశ్నలు, నా జవాబులు

అమెరికాలో నర్స్ ప్రాక్టీషనర్లుగా (పేషెంట్లని పరీక్షించి మందులు కూడా రాసే, పై చదువు చదివిన నర్సులుగా) పనిచేస్తున్న మన తెలుగువాళ్ల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం ఒకే విషయం మీద ఉన్నాయి: టీచింగ్ వైపు ఎలా వెళ్లాలి, ఇప్పుడు వెళ్లొచ్చా, వెళ్తే బతకగలమా అని. నేను చాలా ఏళ్లుగా వారంలో కొన్ని రోజులు క్లాసులో, ఒక రోజు క్లినిక్‌లో ఉంటున్నాను, కాబట్టి నాకు తెలిసింది సూటిగా చెబుతాను.

మేడమ్, నేను టెక్సాస్‌లో ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్‌ని, ఆరేళ్ల అనుభవం. మాస్టర్స్ మాత్రమే ఉంది. 2025 నుంచి డీఎన్‌పీ (నర్సింగ్ ప్రాక్టీస్‌లో డాక్టరేట్) తప్పనిసరి అయిపోయిందని అందరూ అంటున్నారు, మరి నేను టీచింగ్‌కి అప్లై చేయడం దండగేనా? పైగా జీతం సగానికి సగం పడిపోతుందని మా ఆయన భయపెడుతున్నారు. — ఎస్.

దండగ కాదండీ. ముందు ఆ 2025 సంగతి తేల్చుకుందాం. నర్స్ ప్రాక్టీషనర్ ఫ్యాకల్టీల జాతీయ సంస్థ నాన్‌పీఎఫ్ 2018లో ఒక లక్ష్యం పెట్టుకుంది, 2025 కల్లా కొత్తగా ప్రాక్టీస్‌లోకి వచ్చే ప్రతి నర్స్ ప్రాక్టీషనర్‌కీ డీఎన్‌పీ ఉండాలని. అది లక్ష్యమే కానీ చట్టం కాదు. మాస్టర్స్ ప్రోగ్రాములు ఇంకా నడుస్తున్నాయి, మాస్టర్స్‌తో సర్టిఫికేషన్ పరీక్ష రాయనిస్తున్నారు, మీ లైసెన్సుకి వచ్చిన ముప్పేమీ లేదు.

ఫ్యాకల్టీ ఉద్యోగం దగ్గరికి వచ్చేసరికి మాత్రం లెక్క వేరు. ఫుల్‌టైమ్ పోస్టుల్లో ఎక్కువ భాగం డాక్టరేట్ అడుగుతాయి, లేదంటే ఫలానా గడువులోగా పూర్తి చేస్తానని రాసిమ్మంటాయి. క్లినికల్ ఇన్‌స్ట్రక్టర్, అడ్జంక్ట్ (పార్ట్‌టైమ్ టీచర్) పోస్టులకు చాలాచోట్ల మాస్టర్స్ సరిపోతుంది, మీ ఆరేళ్ల అనుభవానికి అక్కడ మంచి విలువ ఉంది. ఎందుకంటే కొరత చదవడానికి వచ్చేవాళ్లకి కాదు, చెప్పేవాళ్లకి. అమెరికన్ నర్సింగ్ కాలేజీల సంఘం లెక్క ప్రకారం 2023లో బ్యాచిలర్స్, ఆపై కోర్సుల్లో కలిపి అర్హత ఉన్న 65,766 దరఖాస్తులను కాలేజీలు వెనక్కి పంపాయి. టీచర్లు లేరు, క్లినికల్ సైట్లు లేవు, క్లినిక్‌లో స్టూడెంట్‌కి దగ్గరుండి నేర్పే ప్రిసెప్టర్లు లేరు, ఇవీ చెప్పిన కారణాలు. అన్ని అర్హతలూ ఉండి వెనక్కి వెళ్లిన ఆ పిల్లల గురించి తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇక జీతం. మీ ఆయన మాటలో నిజముంది, కానీ సగానికి సగం అనేది మరీ ఎక్కువ. 2023 మే నాటి ప్రభుత్వ లెక్కల్లో నర్స్ ప్రాక్టీషనర్ల మధ్యస్థ వార్షిక వేతనం 1,26,260 డాలర్లు, యూనివర్సిటీలు సాధారణంగా అంత ఇవ్వవు. అయితే అడగాల్సినవి రెండున్నాయి. ఒకటి, ఆ కాంట్రాక్టు 9 నెలలదా 12 నెలలదా, 9 నెలలదైతే వేసవిలో మీరు క్లినిక్‌లో పనిచేసుకోవచ్చు. రెండోది ఇంకా ముఖ్యం, వారానికి ఒక రోజు క్లినిక్‌లో పనిచేసుకోవడానికి ప్రాక్టీస్ డే ఇస్తారా, ఆ రోజు వచ్చే డబ్బు మీదా స్కూలుదా. ఈ రోజును ఎట్టి పరిస్థితుల్లోనూ వదులుకోవద్దు. ఏఏఎన్‌పీసీబీ (నర్స్ ప్రాక్టీషనర్లకు పరీక్ష పెట్టే బోర్డు) సర్టిఫికేషన్ రెన్యూ చేసుకోవాలంటే మామూలు దారిలో 5 ఏళ్లలో 1,000 గంటల ప్రాక్టీస్, 100 గంటల కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్ చూపించాలి, అంటే ప్రాక్టీసే ఏడాదికి 200 గంటలు. వారానికి ఒక రోజు క్లినిక్ ఉంటే ఇబ్బంది లేకుండా గడిచిపోతుంది, లేకపోతే నాలుగో ఏట టెన్షన్ మొదలవుతుంది. పేషెంట్‌ని చూడటం మానేసి ప్రిస్క్రైబింగ్ నేర్పడం నాకైతే మనసొప్పదు కూడా.

మా క్లినిక్‌కి వారానికి ఇద్దరు ముగ్గురు స్టూడెంట్లు మెయిల్ పెడుతున్నారు, ప్రిసెప్ట్ చేయండి మేడమ్ ప్లీజ్ అని. డబ్బులేమీ రావు, మేనేజరేమో పేషెంట్ల సంఖ్య తగ్గిపోతుందని గొడవ. టీచర్ కావాలంటే ఇది నిజంగా అవసరమా? — పి., ఒహాయో

నన్నడిగితే టీచింగ్‌లోకి దారి ఇదే. ఇంటర్వ్యూలో మీ రెజ్యూమె చూసేవాళ్లు మొదట వెతికేది మీరు ఎవరికైనా ఎప్పుడైనా నేర్పారా అని.

ఆ మెయిళ్లు అంత ఎక్కువగా ఎందుకొస్తున్నాయో చెబుతాను. 2022లో వచ్చిన జాతీయ ప్రమాణాలు ప్రతి స్టూడెంట్‌కీ కనీసం 750 గంటలు నేరుగా పేషెంట్లతో గడపాలన్నాయి, అంతకుముందు అది 500. సిమ్యులేషన్ (బొమ్మల మీద చేసే సాధన లాంటివి) గంటలు ఈ 750లో కలవవు. 20 మంది ఉన్న చిన్న బ్యాచ్‌కే అదనంగా 5,000 గంటలు కావాలి, ఆ గంటలన్నీ మీలాంటివాళ్లు పేషెంట్లని చూసే గదుల్లోంచే రావాలి. పాపం ఆ పిల్లలు ఉద్యోగం చేసుకుంటూ, ఇల్లు చూసుకుంటూ, రాత్రి పదకొండింటికి కూర్చుని ముక్కూ మొహం తెలియని వాళ్లకి మెయిళ్లు పెడుతుంటారు.

మేనేజర్‌కి మీరు చెప్పగలిగిన మాట ఒకటుంది. స్టూడెంట్ రాసిన నోట్‌ని మీరు సరిచూసి సంతకం పెడితే చాలు, మళ్లీ మొత్తం మీరే టైప్ చేయక్కర్లేదు అని 2020 నుంచి మెడికేర్ (ప్రభుత్వ ఆరోగ్య బీమా) నిబంధనలు ఒప్పుకుంటున్నాయి, నర్స్ ప్రాక్టీషనర్ స్టూడెంట్లకీ ఇది వర్తిస్తుంది. పరీక్ష చేయడం, నిర్ణయం తీసుకోవడం మాత్రం మీ బాధ్యతే, అది స్టూడెంట్ మీదకి తోసేయకూడదు. మొదటి రెండు వారాలు పని నెమ్మదిస్తుంది, ఆ మాట దాచకుండా చెప్పండి. మూడో వారం నుంచి ఆ స్టూడెంట్ పేషెంట్ హిస్టరీ తీసుకుంటుంటే మీరు పక్క గదిలో ఇంకొకరిని చూస్తుంటారు.

చిన్న సంగతి చెబుతాను. కిందటి చలికాలం నా దగ్గర ఉన్న స్టూడెంట్ నాలుగేళ్ల బాబు దగ్గుతో వస్తే స్టెతస్కోప్‌ని చొక్కా మీదే పెట్టి విని, క్లియర్‌గా ఉంది అంది. నేనేమీ అనలేదు. చొక్కా పైకెత్తమన్నాను, స్టెతస్కోప్ బిళ్లని అరచేతిలో రుద్ది వెచ్చబెట్టి ఆమెకే ఇచ్చాను, బాబు ముందు నా చూపుడు వేలు పెట్టి, కొవ్వొత్తి ఆర్పినట్టు గట్టిగా ఊదు నాన్నా అన్నాను. వాడు ఊదాడు, ఊపిరి లోపలికి తీసుకున్నాడు, మళ్లీ ఊదాడు. వీపు మీద కుడివైపు కింద, వెంట్రుకలు వేళ్ల మధ్య నలిపినట్టు సన్నటి చిటపట. అది చెవిన పడగానే ఆ అమ్మాయి ముఖం మారిపోవడం నేను చూశాను. పట్టింది మహా అయితే రెండు నిమిషాలు. ఆ రొటేషన్ అయ్యేదాకా ఆమె మళ్లీ ఎవరినీ బట్టల మీద నుంచి వినలేదు.

డబ్బు విషయానికొస్తే, జార్జియా, హవాయి లాంటి కొన్ని రాష్ట్రాలు ప్రిసెప్టర్లకి పన్ను రాయితీ ఇచ్చే చట్టాలు చేశాయి, మీ రాష్ట్రంలో ఏముందో నర్స్ ప్రాక్టీషనర్ల సంఘాన్ని అడగండి. ఏఏఎన్‌పీసీబీ అయితే ప్రిసెప్టింగ్ గంటల్ని కొంతమేరకు కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్ కింద లెక్కేస్తుంది. స్కూలుని లైబ్రరీ యాక్సెస్, అనుబంధ ఫ్యాకల్టీ హోదా అడగండి, ఇవి అడిగితేనే ఇస్తారు. ఇంకొకటి, మీ సంతకం పెట్టే ముందు స్కూలుకీ క్లినిక్‌కీ మధ్య ఒప్పందపత్రం ఉందో లేదో చూసుకోండి, అది లేకుండా ఒక్క పేషెంట్ దగ్గరికి కూడా స్టూడెంట్‌ని తీసుకెళ్లొద్దు.

అక్కా, ఒక ఆన్‌లైన్ ప్రోగ్రాంలో అడ్జంక్ట్‌గా ఆఫర్ వచ్చింది. ఇంట్లో కూర్చుని రాత్రిపూట చేసుకోవచ్చంటున్నారు, తీసుకోనా? — ఆర్.

తీసుకో తల్లీ, కానీ అడిగి తీసుకో. నేను మొదటిసారి ఇలాంటి కోర్సు తీసుకున్నప్పుడు మూడు క్రెడిట్లకి ఇంత అన్నారు, బాగానే ఉందనుకున్నాను. ఎంతమంది స్టూడెంట్లని అడగలేదు. తీరా చూస్తే క్లాసు నిండా జనం, ప్రతి వారం ఒక్కొక్కరి సోప్ నోట్ (పేషెంట్‌ని చూశాక రాసే నోట్) దిద్దాలి, చర్చల్లో ప్రతి ఒక్కరికీ జవాబు రాయాలి, దానికి తోడు క్లినికల్ సైట్లకి ఫోన్లు చేసే పని కూడా నాదేనని రెండో వారంలో తెలిసింది. సెమిస్టర్ చివర్లో గంటలు లెక్కేసుకుంటే బెడ్‌సైడ్ నర్స్‌గా ఉన్నప్పటికంటే తక్కువ పడింది. స్టూడెంట్ల మీద మాత్రం నాకు ఏ కోపమూ లేదు, వాళ్లలో ఇద్దరు ఇప్పటికీ కేసుల గురించి ఫోన్ చేస్తారు.

కాబట్టి అడగాల్సినవి అడుగు: ఎంతమంది స్టూడెంట్లు, కోర్సు ఆల్రెడీ తయారుగా ఉందా లేక నువ్వే కట్టాలా, సైట్ విజిట్లు ఎవరు చేస్తారు, ట్రైనింగ్ వారానికి డబ్బిస్తారా, స్టూడెంట్లు ఏ రాష్ట్రాల్లో ఉంటారు. ఈ చివరిది అందరూ మర్చిపోతారు, కానీ స్టూడెంట్ ఉన్న రాష్ట్రం బోర్డు నిబంధనలు ఫ్యాకల్టీ లైసెన్సు మీద కూడా ప్రభావం చూపించొచ్చు. జవాబులు మెయిల్లో తెప్పించుకో, ఫోన్లో చెప్పింది నమ్ముకుని కూర్చోకు.

డీఎన్‌పీ చేద్దామనుకుంటున్నాను, లేక పీహెచ్‌డీ మేలా? లోన్ల రూల్స్ మారిపోయాయంటున్నారు, నర్సింగ్ ప్రొఫెషనల్ డిగ్రీ కాదన్నారట కదా? ఇప్పుడేం చేయాలి? గ్రీన్‌కార్డు ఉంది. — ఎం., న్యూజెర్సీ

ఈ వార్త విన్నప్పుడు మా డిపార్ట్‌మెంట్‌లో అందరికీ మనసు చివుక్కుమంది. మీ లైసెన్సుకి గానీ డిగ్రీ గౌరవానికి గానీ దీంతో సంబంధం లేదు, ఇది ఫెడరల్ లోన్ల పరిమితి సంగతి. 2025లో వచ్చిన చట్టం ప్రకారం 2026 జులై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకి గ్రాడ్ ప్లస్ లోన్ (చదువు ఖర్చు మొత్తం దాకా ఇచ్చే ఫెడరల్ లోన్) ఉండదు. మామూలు గ్రాడ్యుయేట్ కోర్సుకి ఏడాదికి 20,500 డాలర్లు, మొత్తం 1,00,000. ప్రొఫెషనల్ డిగ్రీ (డాక్టర్, లాయర్ చదువుల్లాంటిది) అయితే ఏడాదికి 50,000, మొత్తం 2,00,000. 2025 నవంబర్‌లో విద్యాశాఖ ప్రతిపాదనలో ఆ రెండో జాబితాలో నర్సింగ్ లేదు, నర్సుల సంఘాలన్నీ గట్టిగా వ్యతిరేకించాయి. చేరేముందు ఆ రోజుకి నిబంధన ఎలా ఉందో స్కూల్ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసులో కనుక్కోండి.

మీలాంటివాళ్లు తప్పక చూడాల్సింది నర్స్ ఫ్యాకల్టీ లోన్ ప్రోగ్రాం. ఇది ఫెడరల్ ఆరోగ్య సంస్థ హర్సా డబ్బు, కానీ నేరుగా మనకివ్వరు, గ్రాంట్ వచ్చిన స్కూలు ద్వారా వస్తుంది. చదువయ్యాక ఫుల్‌టైమ్ ఫ్యాకల్టీగా చేస్తే మొదటి మూడేళ్లు ఏటా 20 శాతం, నాలుగో ఏడు 25 శాతం, మొత్తం 85 శాతం దాకా మాఫీ చేస్తారు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు అర్హులే. అందుకే స్కూలు ఎంచుకునేటప్పుడు ర్యాంకు కంటే ముందు మీ దగ్గర ఈ ప్రోగ్రాం ఉందా అని అడగండి. ఇప్పటికే అప్పు ఉంటే నర్స్ కోర్ లోన్ రీపేమెంట్ అని ఇంకొకటుంది, అర్హత ఉన్న నర్సింగ్ స్కూల్లో రెండేళ్లు పనిచేసే ఫ్యాకల్టీకి అప్పులో 60 శాతం కడుతుంది, పోటీ మాత్రం బాగా ఉంటుంది.

పీహెచ్‌డీనా డీఎన్‌పీనా అని కూడా అడిగారు. రీసెర్చ్ చేయాలని, పెద్ద యూనివర్సిటీలో టెన్యూర్ (శాశ్వత ఉద్యోగ హోదా) కావాలని ఉంటే పీహెచ్‌డీ. క్లినిక్ వదలకుండా నేర్పాలని ఉంటే డీఎన్‌పీ, దాంతోపాటు నర్సింగ్ ఎడ్యుకేషన్‌లో కొన్ని క్రెడిట్లు చేయండి. డీఎన్‌పీ సిలబస్‌లో పాఠం ఎలా చెప్పాలో నేర్పేది చాలా తక్కువ, నేను ఆ లోటుని క్లాసులో నిలబడ్డాకే గుర్తించాను.

హెచ్-1బీ మీద ఉన్నాను. యూనివర్సిటీలో చేరొచ్చా? — పేరు వద్దన్న పాఠకుడు

చేరొచ్చు. లాభాపేక్ష లేని యూనివర్సిటీలకు లాటరీ వర్తించదు, లాభం కోసం నడిపే కాలేజీలకు ఈ వెసులుబాటు లేదు, కాబట్టి ఆఫర్ వచ్చిన స్కూలు ఏ కోవలోదో ముందు చూడండి. 2025 సెప్టెంబర్ అధ్యక్ష ఉత్తర్వులోని హెచ్-1బీ లక్ష డాలర్ల ఫీజు ప్రధానంగా దేశం బయట ఉన్నవాళ్ల కొత్త పిటిషన్ల గురించి. ఎక్కువమంది తప్పు చేసేది సాయంత్రం అడ్జంక్ట్ పని దగ్గర: ఒక యజమాని మీద ఉన్న హెచ్-1బీతో ఇంకో చోట డబ్బు తీసుకుని పనిచేయకూడదు, దానికి విడిగా ఇంకో పిటిషన్ ఉండాలి. మీ సొంత క్లినిక్‌లో, మీ ఉద్యోగంలో భాగంగా స్టూడెంట్‌కి నేర్పడం వేరు. ఏ కాగితం మీదైనా సంతకం పెట్టేముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి.

సీఎన్‌ఈ (సర్టిఫైడ్ నర్స్ ఎడ్యుకేటర్) సర్టిఫికేషన్ ఉంటే ఉద్యోగం వస్తుందా? ఇంకా ప్రిసెప్టర్‌గా కూడా చేయలేదు. — కె.

ఉంటే మంచిదే, లేకపోయినా ఉద్యోగాలు వస్తాయి. నేషనల్ లీగ్ ఫర్ నర్సింగ్ ఇచ్చేది, కొత్తగా చేరినవాళ్లకి ఒకటి, క్లినికల్‌లో నేర్పేవాళ్లకి ఒకటి విడిగా ఉన్నాయి. మీరు ఇంకా ప్రిసెప్టర్‌గా కూడా చేయలేదన్నారు కాబట్టి ఇప్పుడే పరీక్షకి తొందరపడకండి. దానికంటే నర్సింగ్ కాలేజీల సంఘం 2021లో తెచ్చిన కొత్త ఎసెన్షియల్స్ పత్రం (స్టూడెంట్లకి ఏం రావాలో చెప్పేది) చదవండి, పది డొమైన్లుంటాయి. స్టూడెంట్ ఎన్ని గంటలు కూర్చున్నాడన్నది ఒక్కటే కాకుండా ఏం చేసి చూపించగలడన్నది ఎలా కొలవాలో ఇప్పుడు స్కూళ్లన్నీ తలపట్టుకుంటున్నాయి, ఇంటర్వ్యూలో దాని గురించి కచ్చితంగా అడుగుతారు. రేపు ఎక్కడైనా చేరాక సీఎన్‌ఈ రాయాలనిపిస్తే, ఫీజు మీ జేబులోంచి కట్టేముందు స్కూలు ఇస్తుందేమో కనుక్కోండి.