ఉత్తరాల పెట్టె తెరవబోయే నీకు

చిరంజీవి అమ్మాయికి,

నీ ఉత్తరం అందింది. ఒక నవలాకారుడి ఉత్తరాలు చూడటానికి ఆర్కైవ్‌లో అనుమతి దొరికిందని చదివి చాలా సంతోషించాను. సాహిత్యం మీద ఆయన రాసినవి మాత్రమే చూస్తాననీ, ప్రచురణకర్తలతో నడిచిన లెక్కాడొక్కా ఉత్తరాలు వదిలేస్తాననీ అన్నావు. వదలకమ్మా. నవల ఎలా తయారైందో తెలియాలంటే అవి చదివి తీరాలి.

నేను చూసిన ఒక ఫైలులో ప్రచురణకర్త జవాబు ఉంది. రాయల్టీ లెక్క ఇంకా తేలలేదని, ఆఖరి రెండు అధ్యాయాలు కుదించమని రాశాడు. ఆ కాగితం వెనక పెన్సిలుతో ఇంటి ఖర్చుల కూడిక. దాని కిందే, అదే పెన్సిలుతో, నవలలో తల్లి కొడుకుతో అనే రెండు మాటలు: కొట్టేసి, మళ్ళీ రాసి, మళ్ళీ కొట్టేసి. అచ్చయిన పుస్తకంలో ఆ తల్లి డబ్బు ఊసే ఎత్తదు. ఆ మాటల్లో అంత బిగువు ఎక్కడిదో నాకు ఆ కూడిక చూశాకే తెలిసింది. ఆ కాగితం వృత్తికి సంబంధించినదా, సొంతానిదా? కేటలాగు తయారుచేసేవాళ్ళు ఏదో ఒక చోట చేర్చక తప్పదు. నువ్వు మాత్రం రెండు రకాలూ కలిపి, తేదీల వరసన చదువు. సాధారణంగా ఒక్కోసారి ఒక్క ఫోల్డరే చేతికిస్తారు, పెన్ను కూడా తేనివ్వరు. కాబట్టి పెన్సిలుతో తేదీలు రాసుకుంటూ పోతే, ఇంటికొచ్చాక వరస కలుపుకోవచ్చు.

ఫ్రెంచి నవలాకారుడు ఫ్లోబేర్ సంగతే చూడు. 1851లో ‘మదాం బొవారీ’ నవల మొదలుపెట్టాక, తన ప్రియురాలు, కవయిత్రి లూయీజ్ కొలేకు రాసిన ఉత్తరాల్లో ప్రేమా, పోట్లాటా, పేజీ ముందుకు సాగని యాతనా కలగలిసే ఉంటాయి. 1854లో ఇద్దరూ విడిపోవడంతో అవి దాదాపు ఆగిపోయాయి. నవల మాత్రం 1856 దాకా సాగింది. ఆ చివరి భాగం ఎలా సాగిందో కొలేకు చెప్పినంత వివరంగా చెప్పే ఉత్తరాలు ఇక లేవు. పైగా ఆమె ఆయనకు రాసినవి చాలామటుకు మిగల్లేదు. ఆమె ఏమడిగితే ఆయన అలా జవాబిచ్చాడో మనం ఊహించుకోవాల్సిందే.

అందుకే పెట్టెలో లేనివాటి మీద కూడా ఓ కన్నేసి ఉంచు. ఇంగ్లీషు నవలాకారుడు డికెన్స్ 1860లో తనకొచ్చిన ఉత్తరాలను ఇంటి వెనక పొలంలో కుప్పపోసి తగలబెట్టాడు. ఆయన రాసినవి మాత్రం 14,000కు పైగా దొరికాయి, ఎదుటివాళ్ళు దాచుకున్నారు గనక. కార్బన్ కాపీలు ఉంచుకునే అలవాటు లేని రచయిత పెట్టెలో ఎక్కువగా కనిపించేవి ఆయనకు వచ్చినవే. ఆయన గొంతు వినాలంటే స్నేహితుల పెట్టెలూ, ప్రచురణ సంస్థల ఫైళ్ళూ వెతకాలి.

ఇంకొకటి. కాగితం ఆర్కైవ్‌దే అయినా, అందులోని మాటల మీద హక్కు మామూలుగా రాసినవాళ్ళది, ఆ తర్వాత వారసులది. పుస్తకంలో వాడే ముందు అనుమతి అడుగు. ఇంకా బతికే ఉన్న మనుషుల కష్టాలు ఆ ఉత్తరాల్లో ఎదురైతే, అనుమతి ఉన్నా సరే, నీ నవలకు ముడిసరుకు చేసుకోకు. ఈ మాట నీకు గట్టిగానే చెబుతున్నాను.

నీ ఉత్తరాలు కూడా దాచుకో. ఎడిటర్‌తో నడిచే మెయిళ్ళను, అవి ఏ డ్రాఫ్టు గురించినవో రాసి, డ్రాఫ్టుతో పాటే భద్రం చెయ్యి. తిప్పి పంపిన కథల మీద వచ్చినవీ పారెయ్యకు. కాగితాలకు పిన్నులు కొట్టకు, తుప్పు పడుతుంది. పత్రికల కత్తిరింపులు వేరే కవరులో పెట్టు, వాటి పక్కనున్న కాగితం కూడా పసుపెక్కుతుంది.

మొదటి పెట్టె చూడటం అయ్యాక, ఏ రెండు ఉత్తరాలు ఒకే తేదీన కనిపించాయో నాకు రాయి.

ఆశీస్సులతో.