డెవాప్స్ పెడితే నాకేం మిగులుతుంది?

ప్రశ్న: మాది కడపలో చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ సార్, మొత్తం తొమ్మిదిమందిమి. సిమెంటు డీలర్లకు, మందుల షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసిస్తాం. ప్రొద్దుటూరు, ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు కస్టమర్లు ఎక్కువ. మూడు నెలలకోసారి కొత్త వెర్షన్ ఇస్తాం, ఇచ్చాక రెండు వారాలు ఫోన్లు ఆగవు. బెంగళూరులో పనిచేసే మా అల్లుడు "మామా, డెవాప్స్ పెట్టు, అంతా సెట్ అయిపోతుంది" అంటాడు. ఒక కన్సల్టెంటును అడిగితే టూల్స్‌కే లక్షల్లో చెప్పాడు. అంత పెడితే వ్యాపారంలో నాకు మిగిలేది ఏంది?
(ఒక పాఠకుడు, కడప)

జవాబు: ఆ కన్సల్టెంటుకు ఇంకా అడ్వాన్స్ ఇవ్వకపోతే ఇప్పుడప్పుడే ఇవ్వకండి. మీలాంటి సంస్థకు కావాల్సిన గిట్ (కోడునూ దానిలో జరిగిన ప్రతి మార్పునూ ఒకచోట దాచేది), జెన్‌కిన్స్ (కోడును పరీక్షించి విడుదల చేసే పనుల్ని తనంతట తానే చేసేది) లాంటివి ఉచితంగానే దొరుకుతాయి. ఖర్చయ్యేది మీవాళ్ళ టైము, మొదటి రెండు మూడు నెలల్లో అది బాగానే ఖర్చవుతుంది, ఆ మాట మీ అల్లుడు చెప్పి ఉండడు. ఆ నెలల్లో కస్టమర్లు అడిగిన కొత్త రిపోర్టులు కొంచెం ఆలస్యమవుతాయి, వాళ్ళకు ముందే చెప్పుకోండి.

డెవాప్స్ అంటే డెవలప్‌మెంట్, ఆపరేషన్స్ అన్న రెండు మాటల కలయిక, కొనుక్కొచ్చే సామాను కాదు. కోడు రాసేవాళ్ళు ఒక జట్టు, దాన్ని నడిపేవాళ్ళు ఇంకో జట్టుగా ఉండి, తేడా వచ్చినప్పుడల్లా "మా దగ్గర బాగానే ఉంది, మీ సర్వర్‌లోనే ఏదో" అని ఒకరి మీద ఒకరు తోసుకోవడం మానేసి, రాసిన దగ్గర్నుంచి కస్టమర్ కౌంటర్ మీద నడిచేదాకా అంతా ఒకే బాధ్యతగా చూసుకోవడం, ఆ దారిలో చేత్తో చేస్తున్న పనుల్ని ఒక్కొక్కటిగా మెషీన్‌కు అప్పజెప్పడం, అంతే. 2009 జూన్‌లో అమెరికాలో జరిగిన ఒక సదస్సులో ఫొటోల వెబ్‌సైటు ఫ్లికర్ ఇంజినీర్లు జాన్ ఆల్‌స్పా, పాల్ హామండ్ తాము రోజుకు పదిసార్లకు పైగా కొత్త కోడు పెడుతున్నామని చెప్పారు. అదే ఏడాది అక్టోబరులో పాట్రిక్ డెబోయ్ అనే కన్సల్టెంటు బెల్జియంలోని ఘెంట్‌లో డెవాప్స్‌డేస్ పేరుతో సమావేశం పెట్టాడు, ఆ పేరే నిలబడిపోయింది. చరిత్ర మీకు ఇంత చాలు.

ఇక మిగిలేదాని సంగతి. 2025 సెప్టెంబరు 3న జీఎస్టీ కౌన్సిల్ రేట్లు మార్చింది, 22 నుంచి అమలు. సిమెంటు 28 శాతం నుంచి 18కి, చాలా మందులు 12 నుంచి 5కి వచ్చాయి. మీ కస్టమర్లు సరిగ్గా ఆ రెండు రకాలే! నడుమ ఉన్నది మూడు వారాల లోపు. ఆ రోజులు ఎట్లా గడిచాయో మీరు రాయలేదు గానీ, మూడు నెలలకోసారి వెర్షన్ ఇచ్చే ఏ సంస్థలోనైనా ఏమై ఉంటుందో చెప్పొచ్చు. సగం రాసిన పనులన్నీ కోడులో కలిసిపోయి ఉంటాయి, వాటిని పక్కన పెట్టి రేటు మార్పును మాత్రమే పంపుదామంటే కుదరదు, అన్నీ కలిపి హడావిడిగా పంపితే రేటు సరిగ్గానే వచ్చి స్టాకు లెక్క తప్పుతుంది. పైగా 20వ తేదీన అమ్మిన సరుకు 25న వాపసు వస్తే దానికి పాత రేటే వేయాలి కదా, టెన్షన్‌లో అది ఎవరికీ గుర్తుండదు. అదే ప్రతివారం చిన్న చిన్న మార్పులు పంపడం అలవాటున్న సంస్థకైతే రేటు మార్పు కూడా ఒక వారం పనిలాగే అయిపోతుంది. డీలరు పక్క షాపులో ఏ సాఫ్ట్‌వేర్ ఆ రోజు పొద్దున్నే సరిగ్గా బిల్లు కొట్టిందో చూస్తాడు. ఏడాది మెయింటెనెన్స్ డబ్బు మళ్ళీ మీకే కట్టాలా వద్దా అన్నది అక్కడే తేలిపోతుంది.

రెండోది, మీ ఫోన్ల గోల. మూడు నెలల మార్పులన్నీ ఒకేసారి పంపితే, బిల్లు తప్పు వచ్చినప్పుడు ఏ మార్పు వల్ల తప్పిందో వెతకడానికే రోజులు పోతాయి. ఒకటో రెండో మార్పులు పంపితే ఎక్కడ తప్పిందో వెంటనే తెలుస్తుంది, వెనక్కి తీసుకోవడమూ తేలిక. చాలామంది తరచుగా మారుస్తే తరచుగా చెడుతుందని భయపడతారు, అది తప్పు లెక్క. ఇంకో సంగతి, జనవరిలో జీతాలిచ్చి రాయించిన కోడు ఏప్రిల్ దాకా ఎవరికీ అందకపోతే అది గోడౌన్లో గడ్డకట్టే సిమెంటు లాంటిదే, మీ పెట్టుబడి అందులో ఇరుక్కున్నట్టే.

మూడోది మన జిల్లాల వాళ్ళకు బాగా తెలిసిన బాధ. రెండేళ్ళు పని నేర్పితే మూడో ఏడు పిల్లోడు రాత్రి బస్సెక్కి బెంగళూరు పోతాడు, వాణ్ణి తప్పుపట్టడానికీ లేదు. కొత్త వెర్షన్ ఎట్లా తయారుచేయాలి, ఏ ఫైలు ఎక్కడ పెట్టాలి అన్నవి వాడి తలలోనే ఉంటే సంస్థ అక్కడే ఆగిపోతుంది. అదంతా స్క్రిప్టులో (మెషీన్ వరసగా నడిపే ఆదేశాల ఫైలులో) రాసి ఉంటే కొత్తగా చేరినవాడు కూడా మొదటి నెలలోనే విడుదల చేయగలడు. నన్నడిగితే చిన్న ఊళ్ళ సంస్థలకు డెవాప్స్ వల్ల వచ్చే అతిపెద్ద లాభం ఇదే, కానీ ప్రచారంలో ఎవరూ చెప్పరు.

చేత్తో చేసే విడుదల ఎంత దెబ్బ తీస్తుందో తెలియాలంటే నైట్ క్యాపిటల్ కథ చాలు. అమెరికాలో షేర్ల వ్యాపారం చేసే సంస్థ అది. ఎనిమిది సర్వర్లలో కొత్త కోడు పెట్టాల్సి ఉండగా ఒకదాన్ని వదిలేశారు. అందులో మిగిలిపోయిన పాత కోడు 2012 ఆగస్టు 1న మార్కెట్ తెరవగానే లేచి, అక్కర్లేని ఆర్డర్లు వేసుకుంటూ పోయింది. 45 నిమిషాల్లో పోయింది 44 కోట్ల డాలర్ల పైమాటే. మీ పిల్లలు షాపుల కంప్యూటర్లలోకి రిమోట్‌గా వెళ్ళి ఒక్కో దాంట్లో ఫైలు మార్చి వస్తుంటే చేస్తున్నది అదే పని, డబ్బే తక్కువ. ఏ షాపులో ఏ వెర్షన్ ఉందో ఈ క్షణం చెప్పగలరా? ముందు అది చూడండి.

మొదలుపెట్టే పద్ధతి చెప్తాను. కోడంతా గిట్‌లోకి రావాలి, ఎవరి ల్యాప్‌టాప్‌లోనూ విడిగా ఉండకూడదు. తర్వాత మీరు చేత్తో సరిచూసిన పాత బిల్లులు కొన్ని తీయండి, డిస్కౌంటు ఉన్నవి, వాపసు వచ్చినవి, రెండు రేట్లు కలిసినవి. కోడు మారిన ప్రతిసారీ ఆ బిల్లుల్ని మెషీనే లెక్కవేసి పాత మొత్తంతో పోల్చాలి, పైసా తేడా వచ్చినా విడుదల ఆగిపోవాలి. షాపులో ప్రోగ్రాం తెరవగానే కొత్త వెర్షన్ ఉందేమో అదే చూసుకునేట్టు చేయండి, కానీ అందరికీ ఒకేసారి పంపొద్దు. ముందు మీతో చనువున్న రెండు షాపులకు పంపి, రెండు రోజులు చూసి, తర్వాత మిగతావాళ్ళకు. ప్రోగ్రామును వెనక్కి తేవడం తేలిక, డేటాబేసు మార్పును వెనక్కి తేవడం చాలా కష్టం. అందుకే డేటాబేసు పట్టికలో కొత్త కాలమ్ (నిలువు వరుస) చేర్చడం ఒక విడుదలలో, పాతది తీసేయడం చాలా వారాల తర్వాత ఇంకో విడుదలలో పెట్టుకోండి. శనివారం రాత్రి విడుదలలు మానండి, ఆదివారం ఫోను ఎత్తేవాళ్ళు ఉండరు.

ఫ్లికర్‌లాగా రోజుకు పదిసార్లు మీకు అక్కర్లేదు. వాళ్ళది సొంత సర్వర్లలో నడిచే వెబ్‌సైటు, మీది కరెంటు పోయే, నెట్ ఆగే షాపుల్లో నడిచే ప్రోగ్రాం. వారానికోసారి పంపితే మీకు చాలు. ఇంకో మాట, "డెవాప్స్ ఇంజినీర్" అని ఒకణ్ణి తెచ్చి మూల కూర్చోబెడితే, ఇప్పటిదాకా రెండు జట్లు తోసుకునేవి, ఇకపై మూడు తోసుకుంటాయి.

ప్రశ్న: మాది అనంతపురంలో ఆసుపత్రి. ఓపీ, ల్యాబ్ బిల్లుల సాఫ్ట్‌వేర్ బయటి సంస్థ చూస్తుంది. "మేం డెవాప్స్‌కు మారాం" అని ఈసారి రేటు పెంచారు. అది నిజమో కాదో మాలాంటివాళ్ళం ఎట్లా తెలుసుకోవాలి?
(ఒక పాఠకురాలు, అనంతపురం)

జవాబు: వాళ్ళు వాడే టూల్స్ పేర్లు అడగకండమ్మా, గంటసేపు చెప్తారు. నాలుగే అడగండి. పోయిన మూడు నెలల్లో ఎన్నిసార్లు మార్పులు విడుదల చేశారు? మార్పు రాయడం పూర్తయ్యాక మా కౌంటర్‌కు రావడానికి ఎన్నాళ్ళు పట్టింది? వాటిలో ఎన్ని చెడి మళ్ళీ సరిచేయాల్సి వచ్చింది? చెడినప్పుడు మళ్ళీ నిలబెట్టడానికి ఎంతసేపు పట్టింది? ఇవి నేను పుట్టించినవి కావు, ఇప్పుడు గూగుల్‌లో ఉన్న డోరా అనే పరిశోధన బృందం ఏళ్ళుగా వాడుతున్న కొలతలు. వేగంగా పంపేవాళ్ళ దగ్గరే చెడటం కూడా తక్కువగా ఉంటుందని వాళ్ళ పరిశీలన, కాబట్టి "క్వాలిటీ కోసమే ఆలస్యం సార్" అనే జవాబును ఊరికే ఒప్పుకోవద్దు.

డెవాప్స్ నిజంగా చేసేవాళ్ళ దగ్గర ఈ లెక్కలు రాసిపెట్టి ఉంటాయి, అడిగిన రోజే పంపుతారు. వారం టైము అడిగితే పెంచిన రేటు ఒప్పందంలో సంతకం ఆపండి. ఇంకోటి, ల్యాబ్ ఫలితాలు కూడా అందులోనే ఉన్నాయి కాబట్టి, బ్యాకప్ తీస్తున్నామంటే సరిపోదు, ఆ బ్యాకప్ నుంచి ఒకరోజు డేటా మీ ముందే తిరిగి తెప్పించి చూపించమనండి. మీ ల్యాబ్ ఇంఛార్జిని పక్కన కూర్చోబెట్టుకోండి, రిపోర్టు నంబర్లు సరిపోయాయో లేదో ఆయనకే బాగా తెలుస్తుంది.