జర్మనీకి కొత్తా? ముందు పోస్టు డబ్బా మీద పేరు అతికించండి

శీతాకాలపు సెమిస్టర్ మొదలయ్యే రోజుల్లో స్టుట్‌గార్ట్‌లో కొత్త తెలుగు ముఖాలు కనిపిస్తాయి. చదువుకోవడానికి వచ్చినవాళ్ళు కొందరు, ఉద్యోగాలకి వచ్చినవాళ్ళు కొందరు, పెళ్ళయి భర్త వెనక వచ్చిన అమ్మాయిలు కొందరు. వినాయకచవితి పూజలోనో బతుకమ్మ దగ్గరో కలిసినప్పుడు పులిహోర తింటూ అందరూ అడిగేది ఒకటే: "అక్కా, ఇంతకీ అక్కడ బాగుందా, ఇక్కడ బాగుందా?"

ఏ పనికి అన్నది చెబితే జవాబు చెప్పగలను. ఇంటర్నెట్ కనెక్షన్ పెట్టించుకోవాలంటే మన దేశమే నయం. మన దగ్గర మర్నాటికి మనిషి నిచ్చెన వేసుకుని వస్తాడు, ఇక్కడ వారాలు పట్టొచ్చు. ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్ళి సాయంత్రానికి రిపోర్టు ఫోన్‌కి పంపించే సౌకర్యమూ అక్కడిదే. రైళ్ళు నిమిషం తప్పకుండా వస్తాయని చిన్నప్పుడు విన్నది కూడా మర్చిపోండి. 2024లో జర్మనీ దూరప్రాంతపు రైళ్ళలో టైముకి చేరినవి 62.5 శాతమే, అదీ ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని ఆలస్యం కింద లెక్కపెట్టకుండా. అదే జబ్బు చేసి నెల రోజులు పడుకోవాల్సి వస్తేనో, ఉన్నట్టుండి ఉద్యోగం పోతేనో, నేనైతే ఇక్కడే ఉండాలని కోరుకుంటాను.

తెనాలిలో పెరిగిన నాకు ఈ ఊళ్ళో ముందుగా అర్థం కావాల్సి వచ్చింది ఇదే: మన దగ్గర పనులు తెలిసినవాళ్ళ ద్వారా అవుతాయి, ఇక్కడ కాగితం ద్వారా అవుతాయి. కరెంటాఫీసులో బాబాయి స్నేహితుడు, ఆసుపత్రిలో వదినగారి చుట్టాలబ్బాయి, రిజిస్ట్రేషన్ దగ్గర ఒక రైటరు. ఎవరో ఒకరు ఉంటారు. ఇక్కడ అలాంటివాళ్ళు దొరకరు, దొరికినా పని చేయించలేరు. కౌంటరులో కూర్చున్నామె నవ్వుతూనే "ఈ పత్రం లేదు, మళ్ళీ రండి" అంటుంది. బతిమాలితే కరగదు. అదే కాగితాలన్నీ సరిగ్గా ఉంటే, మీ జర్మన్ ఎంత వచ్చీరానిదైనా పని అయిపోతుంది. మొహం చూసి కాక ఫైలు చూసి చేస్తారు. కొత్తలో ఇది కటువుగా అనిపిస్తుంది గానీ, ఎవరికీ మొహమాటపడాల్సిన పని లేదని తెలిశాక సగం టెన్షన్ తగ్గుతుంది.

ఆ కాగితాల వరసలో మొదటిది ఆన్‌మెల్డుంగ్, అంటే ఉంటున్న చిరునామా నమోదు. ఇంట్లోకి మారిన రెండు వారాల్లోపు చేయించుకోవాలి. దానికి ఇంటి యజమాని సంతకం చేసిన ధ్రువపత్రం కావాలి. కాబట్టి "ఇక్కడ ఉండొచ్చు గానీ ఆన్‌మెల్డుంగ్ ఇవ్వను" అనే గది ఎంత చవకైనా ఎక్కువ రోజులు ఉండేందుకు పనికిరాదు. నమోదయ్యాక పన్ను నంబరు పోస్టులో వస్తుంది. బ్యాంకు వాళ్ళ ఉత్తరాలూ, బీమా కార్డూ, వీసా ఆఫీసు పిలుపూ, అన్నీ పోస్టులోనే. పోస్టు డబ్బా మీద మీ పేరు లేకపోతే పోస్టుమాన్ ఉత్తరం వేయడు, వెనక్కి పంపేస్తాడు. ఫ్లాట్ నంబరు రాసే అలవాటు ఇక్కడ పెద్దగా లేదు, పేరే గుర్తు. అందుకే తాళం చేతికొచ్చిన రోజే చిన్న చీటీ మీద పాస్‌పోర్టులో ఉన్న ఇంటిపేరు రాసి డబ్బాకీ, కాలింగ్ బెల్లుకీ అతికించండి. ఆ తర్వాత నుంచి మీరు అందరికీ ఇంటిపేరుతోనే తెలుస్తారు. మన పల్లెటూళ్ళలో "ఫలానా వారి అబ్బాయి" అన్నట్టు ఉంటుంది, నాకైతే అది బాగానే ఉంటుంది.

వచ్చిన ఉత్తరాన్ని భాష రాదని పక్కన పడేయకండి. ఇంటికి నెలకి 18.36 యూరోలు చొప్పున రేడియో, టీవీ రుసుము కట్టమని ఒకటి వస్తుంది. "మా ఇంట్లో టీవీ లేదు కదా" అని చింపేసేవాళ్ళున్నారు. టీవీ ఉన్నా లేకపోయినా ఇంటింటికీ పడే రుసుము అది, కట్టకపోతే పెరుగుతుంది. గదులు పంచుకుని ఉంటే ఇంటికంతటికీ ఒకటే, భాగాలు వేసుకోవచ్చు.

జీతం సంగతి. 55 వేల యూరోలు అనగానే ఇంట్లోవాళ్ళు వందతో గుణించి 55 లక్షలని మేనత్తకి కూడా ఫోన్ చేసి చెప్పేస్తారు. పెళ్ళికానివాళ్ళకి పన్నూ, ఆరోగ్య బీమా, పింఛను, నిరుద్యోగ బీమా పోగా చేతికొచ్చేది 60 నుంచి 65 శాతం. అందులోంచి అద్దె. మొదటి నెల పే స్లిప్ చూసి దిగులుపడేవాళ్ళని చాలామందిని చూశాను. అయితే ఆ కోతల వెనక ఏముందో తెలుసుకున్నాకే అక్కడి జీతంతో పోల్చండి. ప్రభుత్వ ఆరోగ్య బీమాలో ఉంటే సంపాదన లేని భార్యకో భర్తకో, పిల్లలకో వేరే ప్రీమియం లేదు. జబ్బు చేస్తే ఆరు వారాల దాకా కంపెనీ పూర్తి జీతం ఇస్తుంది, ఆ తర్వాత బీమా సంస్థ కొంత ఇస్తుంది. కనీసం ఏడాది పాటు కట్టి ఉండి ఉద్యోగం పోతే, చేతికొచ్చే జీతంలో 60 శాతం, పిల్లలుంటే 67 శాతం, కొన్నాళ్ళ పాటు వస్తుంది. ప్రతి బిడ్డకీ 2026 నుంచి నెలకి 259 యూరోలు ప్రభుత్వం ఇస్తుంది. మన దగ్గర ఒక్క కార్పొరేట్ ఆసుపత్రి బిల్లు రెండెకరాలు అమ్మించిన ఇళ్ళు ఎన్ని లేవు? ఆ భయం లేకుండా పడుకోవడానికి కూడా ఒక ధర ఉంటుంది, పే స్లిప్‌లో ఆ కోత అదే.

ఇల్లు దొరకడం మాత్రం నిజంగా కష్టం. అద్దె ప్రకటనలో రెండు అంకెలుంటాయి, చిన్నది చూసి సంబరపడకండి. హీటింగు, నీళ్ళు, చెత్త ఖర్చులు కలిపిన పెద్ద అంకె చూడండి, కరెంటు చాలాసార్లు దానికీ అదనమే. అడ్వాన్సు ఆ చిన్న అద్దెకి మూడు నెలలు మించి అడగకూడదు, దాన్నీ మూడు వాయిదాల్లో కట్టే హక్కు చట్టంలోనే ఉంది. ఖాళీ చేయాలంటే మూడు నెలల ముందు రాసి ఇవ్వాలి. మనవాళ్ళు నోరు తెరిచేది వంటగది దగ్గర. చాలా ఇళ్ళలో వంటగది అంటే నాలుగు గోడలూ ఒక నీళ్ళ పైపూ, అంతే. స్టవ్, సింకు, అల్మరాలు ముందున్నవాళ్ళు ఊడదీసుకుని పోతారు, కొన్నిచోట్ల బల్బు హోల్డర్లతో సహా. ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడే వంటగది ఉంటుందా, పాతది కొనుక్కోవాలా అని అడగండి.

రాత్రి 10 నుంచి పొద్దున 6 వరకూ, ఆదివారమంతా చప్పుడు ఉండకూడదు. దోసెల పిండి శనివారం పగలే రుబ్బేసుకోండి. పాలూ కూరగాయలూ కూడా శనివారమే తెచ్చుకోవాలి, ఆదివారం రొట్టెల దుకాణం, పెట్రోలు బంకు, పెద్ద రైల్వే స్టేషన్‌లోని కొట్లు తప్ప అన్నీ మూతే. ఈ స్టుట్‌గార్ట్ ప్రాంతంలో కేర్‌వోహె అని ఇంకొకటుంది. వంతులవారీగా ఒక్కో కుటుంబం ఒక్కో వారం మెట్లూ, వాకిలీ తుడవాలి. మీ వంతు వచ్చిందని తలుపుకి బోర్డు తగిలిస్తారు. తుడవకపోతే ఎవరూ పోట్లాడరు, కానీ అందరికీ తెలుస్తుంది. పనిమనిషి చేత చేయించుకున్న చేతులకి మొదట్లో నామోషీగా ఉంటుంది. మేనేజరుగా పనిచేసే పక్కింటాయన బకెట్ పట్టుకుని మెట్లు తుడవడం చూశాక ఆ నామోషీ పోతుంది. మన మగవాళ్ళు గిన్నెలు తోమడం నేర్చుకున్నది కూడా ఇక్కడే. అత్తగార్లు వచ్చినప్పుడు మాత్రం ఒక వారం మానేస్తారు.

డాక్టర్ల విషయంలో మనసు సిద్ధం చేసుకుని రండి. తెనాలిలో చెవిపోటొస్తే సాయంత్రం చెవి, ముక్కు డాక్టరు దగ్గర టోకెన్ తీసుకుని కూర్చుంటాం. ఇక్కడ స్పెషలిస్టు అపాయింట్‌మెంట్ నెలల తర్వాత దొరకొచ్చు. ఒంట్లో బాగున్నప్పుడే ఇంటి దగ్గర ఫ్యామిలీ డాక్టరుని వెతికి పేరు రాయించుకోండి, "కొత్త పేషెంట్లని తీసుకోవట్లేదు" అన్నమాట చాలాచోట్ల వింటారు. యాంటీబయాటిక్ చీటీ లేకుండా ఇవ్వరు. మామూలు జ్వరానికి మూలికల టీ తాగి పడుకోమంటారు. మా అమ్మ శొంఠి కషాయం చెప్పినట్టే ఉంటుంది, కాకపోతే ఈయన ఎండీ. అర్ధరాత్రి డాక్టరు కావాలంటే 116117, ప్రాణం మీదికొస్తే 112. ఈ రెండూ ఫోన్‌లో కాదు, ఫ్రిజ్ మీద రాసి పెట్టుకోండి.

విద్యార్థులకి ఒక మాట. "జర్మనీలో చదువు ఉచితం" అని కన్సల్టెన్సీలు చెప్పేది అన్నిచోట్లా నిజం కాదు. మేముండే బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రం యూరోపియన్ యూనియన్ బయటి విద్యార్థుల దగ్గర 2017 నుంచి సెమిస్టర్‌కి 1500 యూరోలు తీసుకుంటోంది. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే నెలనెలా కొంతే తీసుకోనిచ్చే ఖాతాలో, ఏడాదికని ముందే వేసే 11,904 యూరోలు నెలకి 992 చొప్పున వస్తాయి. పెద్ద ఊళ్ళలో అది గదికీ తిండికీ బొటాబొటీ. ఏడాదికి 140 పూర్తి రోజులు పనిచేయొచ్చు. అలా సంపాదించి ఇంట్లో తీసుకున్న బ్యాంకు అప్పు కూడా తీర్చేస్తానని లెక్క వేసుకుని మాత్రం విమానం ఎక్కకండి.

భర్త వెనక వచ్చే అమ్మాయిలకి ఇంకొంచెం ఎక్కువ చెప్పాలనిపిస్తుంది. అమెరికాలో భర్త మీద ఆధారపడి వెళ్ళే హెచ్4 వీసా కథలు విని భయపడకండి, ఇక్కడ భార్యకైనా భర్తకైనా పనిచేసే హక్కు వచ్చిన రోజు నుంచే ఉంటుంది. బ్లూ కార్డ్ (డిగ్రీ చదివి మంచి జీతపు ఉద్యోగానికి వచ్చినవాళ్ళకి ఇచ్చే నివాస అనుమతి) ఉన్నవాళ్ళ జీవిత భాగస్వామికి జర్మన్ పరీక్ష కూడా అడగరు. అక్కడే మెలిక. అడగలేదు కదా అని నేర్చుకోకుండా ఉండిపోతారు. అతని ఆఫీసులో ఇంగ్లీషు నడుస్తుంది, అతనికి రోజు గడిచిపోతుంది. ఈమె పొద్దున అమ్మతో వీడియో కాల్, మధ్యాహ్నం సీరియల్, డిసెంబరులో నాలుగున్నరకే చీకటి. సాయంత్రం అతను వచ్చేసరికి కళ్ళలో నీళ్ళు. ఇందులో తప్పు మొగుడిదీ కాదు, అమ్మాయిదీ కాదు. సర్దుకున్నాక చేరతాను అనుకోకుండా, వచ్చిన నెలలోనే క్లాసులో చేరిపోండి. ప్రభుత్వం సహాయంతో నడిచే ఇంటిగ్రేషన్ కోర్సులో భాషకి 600 గంటలు, ఈ దేశపు సంగతులకి 100 గంటలు ఉంటాయి. అక్కడ సిరియా ఆమె, ఉక్రెయిన్ ఆమె మీతోపాటే తప్పులు మాట్లాడుతుంటారు. తెలుగు సంఘంలో దొరకని స్నేహాలు నాకు అలాంటి బెంచీ మీదే దొరికాయి. భాష వస్తే ఇంకో లాభం: బ్లూ కార్డ్ మీదున్నవాళ్ళకి 27 నెలలకి వచ్చే శాశ్వత నివాస అనుమతి, బీ1 అనే మధ్య స్థాయి జర్మన్ పరీక్ష ప్యాసైతే 21 నెలలకే వస్తుంది.

ఇక అమ్మానాన్నల సంగతి. షెంగెన్ వీసా (జర్మనీతో పాటు చాలా యూరప్ దేశాలకి పనికొచ్చే కొద్దికాలపు వీసా) మీద 180 రోజుల్లో 90 రోజులు ఉండొచ్చు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. మే నుంచి సెప్టెంబరు లోపు పిలవండి. చలికాలంలో పిలిస్తే కిటికీ దగ్గర కూర్చుని "ఈ ఊళ్ళో మనుషులు ఉండరా?" అని అడుగుతారు. వాళ్ళని ఇక్కడికే తెచ్చేసుకోవచ్చా అని పిల్లలు అడుగుతుంటారు. 2024 మార్చి 1 తర్వాత మొదటిసారి నైపుణ్య ఉద్యోగ అనుమతి పొందినవాళ్ళకి ఆ దారి తెరిచారు. కానీ తల్లిదండ్రుల ఆరోగ్య బీమా మీరే చూపించాలి. డెబ్బై ఏళ్ళవాళ్ళకి అలాంటి బీమా దొరకడమే గగనం, దొరికినా ఖరీదు. నిజం చెప్పాలంటే చాలామంది పెద్దవాళ్ళకి రావాలని కూడా ఉండదు. అరుగు మీద నలుగురితో మాట్లాడే మనిషికి మూడో అంతస్తు నిశ్శబ్దం జైలు.

కాబట్టి అక్కడి ఏర్పాట్లు అక్కడి పద్ధతిలోనే చేయాలి. అక్కడ కాగితం కాపాడదు, మనిషే కాపాడాలి. పక్కింటి పిన్ని, మందుల షాపు అబ్బాయి, నమ్మకమైన ఆటో అతను, వీళ్ళ నంబర్లు మీ దగ్గర ఉండాలి. అవసరం పడ్డప్పుడే కాకుండా పండక్కీ పబ్బానికీ ఫోన్ చేస్తుండాలి. ఇండియా వెళ్ళినప్పుడు చాక్లెట్ డబ్బా ముందు వాళ్ళింటికే వెళ్ళాలి. ఆస్తి పనులకి పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాలంటే ఈ స్టుట్‌గార్ట్ వైపు వాళ్ళు మ్యూనిక్‌లోని భారత కాన్సులేట్‌లో సంతకం ధ్రువీకరించుకోవచ్చు. ఆ పత్రం ఇండియాకి చేరిన మూడు నెలల్లోపు అక్కడ స్టాంపు వేయించాలి, ఇది చాలామంది మర్చిపోతారు. ఇండియాలోని పాత సేవింగ్స్ ఖాతాని ఎన్‌ఆర్‌ఓగా, అంటే విదేశాల్లో ఉండేవాళ్ళు ఇండియా ఆదాయానికి పెట్టుకునే ఖాతాగా మార్చుకోండి. విదేశీ సంపాదన పంపి వేసుకునే ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ వడ్డీకి ఇండియాలో పన్ను లేదు, కానీ ఇక్కడ నివాసం ఉన్నంతకాలం అది జర్మనీలో చూపించాల్సిన ఆదాయమే. ఎన్‌ఆర్‌ఐలు పొలం కొనకూడదు, వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. ఊళ్ళో అరెకరం చవగ్గా వస్తోందని ఎవరైనా ఫోన్ చేస్తే ఈ మాట గుర్తుంచుకోండి.

పౌరసత్వం గురించి తొందరపడక్కర్లేదు. ఇప్పుడు ఐదేళ్ళకే అర్హత వస్తుంది, జర్మనీ 2024 జూన్ నుంచి రెండు పౌరసత్వాలకీ ఒప్పుకుంటోంది. ఒప్పుకోనిది మన దేశం. జర్మన్ పాస్‌పోర్టు తీసుకున్నాక భారతీయ పాస్‌పోర్టు అప్పగించాల్సిందే, ఆ తర్వాత వీసా లేకుండా ఇండియా వెళ్ళిరావడానికి ఓసీఐ కార్డు తీసుకోవచ్చు. పింఛను ఊరికే పోతుందన్న భయం కూడా వద్దు, 2017 మే నుంచి అమల్లో ఉన్న ఒప్పందం వల్ల రెండు దేశాల్లో కట్టిన కాలాన్ని కలిపి లెక్క చూస్తారు. శాశ్వత నివాస అనుమతితో సరిపెట్టుకునేవాళ్ళు మాత్రం ఒకటి గమనించండి. ఆరు నెలలు మించి దేశం బయట ఉంటే అది మామూలుగా రద్దవుతుంది, బ్లూ కార్డ్ దారిలో వచ్చినవాళ్ళకి కొంత సడలింపు ఉన్నా సరే. అమ్మకి ఆపరేషన్ అనో, నాన్న మంచాన పడ్డారనో సెలవు పెట్టి వెళ్ళేటప్పుడు ఎన్నాళ్ళు పడుతుందో ఎవరూ చెప్పలేరు. విదేశీయుల కార్యాలయానికి ముందే రాసి గడువు పెంచమని అడగండి, అడిగితే ఇచ్చే వీలు చట్టంలో ఉంది. ఫోన్‌లో సరే అన్నారని ఊరుకోకుండా కాగితం చేతికొచ్చాకే బయలుదేరండి.