సినిమా చూసి పాఠాలు రాసే తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన ఆర్టికల్ రాత్రే చదివా, ఫేస్‌బుక్ పుట్టుక మీద తీసిన 'ద సోషల్ నెట్‌వర్క్' సినిమా నేర్పే పది బిజినెస్ పాఠాలు అని రాశావు కదా, ఎంత ఇష్టంగా చూశావో ప్రతి లైన్లో తెలుస్తోంది, కానీ ఆ పదిలో తొమ్మిది ఆ సినిమా చూడకుండానే రాసెయ్యొచ్చురా. కష్టపడాలి, రిస్క్ తీసుకోవాలి, కలని వదలకూడదు, ఇవి ఏ సినిమాకైనా అతుకుతాయి. ఆ మిగిలిన ఒక్కటీ బంగారం, దాన్నేమో రెండు లైన్లలో తేల్చేశావ్. మార్క్ జుకర్‌బర్గ్‌తో కలిసి ఫేస్‌బుక్ మొదలుపెట్టిన స్నేహితుడు ఎడ్వార్డో సావెరిన్ వాటా సంగతి చెప్తున్నా.

"స్నేహితుడే మోసం చేశాడు" అని రాసి వదిలేశావ్. ఎలా చేశాడు? స్నేహితులతో కలిసి కంపెనీ పెడదామనుకునే కుర్రాడు నీ ఆర్టికల్ తెరిచేది అది తెలుసుకోడానికే. 2004లో సైట్ మొదలైనప్పుడు డబ్బు పెట్టింది ఎడ్వార్డో, సినిమాలో మొదట వెయ్యి డాలర్లు, తర్వాత ఇంకో పద్దెనిమిది వేలు. కంపెనీని కొత్తగా రిజిస్టర్ చేసినప్పుడు అతని వాటా 34 శాతం పైనే. సంతోషంగా సంతకాలు పెట్టేశాడు, ఎదురుగా ఉన్న లాయర్లు తన లాయర్లే అనుకున్నాడు. అక్కడ ఆగి, డైల్యూషన్ అంటే ఏంటో చిన్న లెక్కతో చెప్పు. కంపెనీలో 100 షేర్లున్నాయి, నీవి 34. నీ దగ్గర్నుంచి ఒక్క షేరు కూడా ఎవరూ లాక్కోలేదు, కంపెనీ కొత్తగా ఇంకో 900 షేర్లు పుట్టించి వేరేవాళ్ళకి ఇచ్చింది, అంతే. నీవి ఇప్పుడూ 34 షేర్లే, కాకపోతే వెయ్యిలో 34, అంటే 3.4 శాతం. పెట్టుబడి పెట్టేవాళ్ళు వచ్చినప్పుడు అందరి వాటాలూ కొంచెం తగ్గడం మామూలే, సినిమాలో గుండె మండేది ఎక్కడంటే పడిపోయింది ఎడ్వార్డో ఒక్కడిదే, అదీ 0.03 శాతానికి.

అలాగని అతన్ని దేవుణ్ణి చెయ్యకు. మిగతావాళ్ళు కాలిఫోర్నియాలో పని చేస్తుంటే అతను న్యూయార్క్‌లో యాడ్స్ కోసం తిరిగాడు, కోపమొచ్చి కంపెనీ బ్యాంక్ అకౌంట్ ఆపించేశాడు. రోజురోజుకీ పెరుగుతున్న కంపెనీకి ఖాతా ఆగిపోతే ఏమవుతుందో ఒక పేరా రాయి, అప్పుడు తప్పెవరిదో పాఠకుడే తేల్చుకుంటాడు.

ఇంకోటి, ఇది కాస్త గట్టిగానే చెప్తా. మొదటి సీన్‌లో మార్క్‌ని వదిలేసి వెళ్ళిపోయే ఎరికా కల్పిత పాత్ర, నువ్వేమో ఆ అమ్మాయి మీద కోపంతోనే ఫేస్‌బుక్ పుట్టిందని చరిత్రలా రాశావ్. ఆ 0.03 శాతం కూడా సినిమా లెక్కే, నిజంగా అంత పడిపోలేదు. సావెరిన్ కేసు వేశాడు, రాజీ అయ్యింది, కో-ఫౌండర్‌గా పేరు మళ్ళీ చేర్చారు, 2012లో కంపెనీ స్టాక్ మార్కెట్‌కి వచ్చేసరికి అతను బిలియనీర్. సినిమా 2010లోదే కాబట్టి ఆ 2012 సంగతి అందులో ఉండదు, నువ్వే వెతికి రాయాలి. 'సినిమాలో ఇలా ఉంది' అన్న ఒక్క మాట పెడితే చాలు, నీ రాతకి నమ్మకం వస్తుంది.

ఎందుకింత చెప్తున్నానంటే, నేను రాయడం మొదలుపెట్టిన కొత్తల్లో ఒక పారిశ్రామికవేత్త గురించి రాస్తూ సినిమా డైలాగ్‌ని ఆయన నిజంగా అన్న మాటగా రాసేశా. అచ్చయ్యాక ఒక పెద్దాయన కార్డు రాశారు, "ఆయన ఈ మాట ఎక్కడన్నారమ్మా?" అని. నా దగ్గర జవాబు లేదు, ఆ కార్డు ఇప్పటికీ దాచుకున్నా.

ఆ తొమ్మిదీ కొట్టెయ్, బాధేస్తుంది, అయినా కొట్టెయ్. ఎడ్వార్డో వచ్చి మార్క్ లాప్‌టాప్ పగలగొట్టే సీన్ ఉందే, అక్కణ్ణుంచి మొదలుపెట్టి వెనక్కి, ఆ సంతకం దాకా వెళ్ళు. ఆదివారంలోపు పంపు, ఎంత పొడుగొచ్చినా పర్లేదు, చదువుతా.

మీ అక్క