సార్, రష్‌కు కూడా ఇలాగే అయ్యిందా?

ప్రశ్న: సార్, నేను ఇంటర్ సెకండియర్. కాలేజీ ఫుట్‌బాల్ టీంలో ఫార్వర్డ్ ఆడతాను. ఈ ఏడాది తొమ్మిది మ్యాచ్‌లు ఆడితే ఒక్క గోల్ కూడా రాలేదు. పోయిన రెండు మ్యాచ్‌లకు కోచ్ నన్ను బెంచీ మీదే కూర్చోబెట్టారు. ఎందుకని అడగాలంటే భయం. ఆట పక్కన పెట్టి ఎప్‌సెట్‌కు చదవమంటున్నాడు బాపు. పాత ఫుట్‌బాల్ స్టార్ ఇయాన్ రష్‌కు కూడా ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ క్లబ్బులో మొదటి ఏడాది గోల్ రాలేదని చదివాను. నిజమేనా?
– ఒక పాఠకుడు, కాజీపేట

జవాబు: నిజమే బిడ్డా. చిత్రం చూడు, లెక్క కూడా కలిసింది. 1980–81 సీజన్‌లో లివర్‌పూల్ తరఫున రష్ ఆడినవి కూడా తొమ్మిదే. గోల్స్ సున్నా.

అతనిది వేల్స్‌లోని ఫ్లింట్ అనే చిన్న ఊరు. చెస్టర్ క్లబ్బులో ఆడుతుంటే 1980లో లివర్‌పూల్ 3 లక్షల పౌండ్లు పెట్టి కొన్నది. బ్రిటన్‌లో ఇరవై ఏళ్లు కూడా నిండని కుర్రాడికి అప్పటిదాకా ఎవరూ అంత పెట్టలేదు. అంత డబ్బు పోసి తెచ్చినవాడు గోల్ కొట్టకపోతే ఎంత టెన్షన్ ఉంటుందో నీకు నేను చెప్పాలా?

అతను చేసిన పని ఒక్కటే. మేనేజర్ బాబ్ పెయిజ్లీ దగ్గరికి వెళ్లి, నన్నెందుకు ఆడించడం లేదని అడిగాడు. నువ్వు గోల్స్ కొట్టడం లేదు కాబట్టి అని పెయిజ్లీ మొహం మీదే చెప్పాడు. బంతి దొరికితే పక్కవాడికి ఇవ్వడం మాని, కాస్త స్వార్థంగా ఆడమన్నాడు. రష్‌కు కోపం వచ్చింది, క్లబ్బు వదిలి పోదామనుకున్నాడు కూడా. కానీ ఆ మాట పట్టుకున్నాడు. 1981 సెప్టెంబర్ 30న ఫిన్లాండ్ జట్టు మీద మొదటి గోల్ పడింది. ఆ సీజన్‌లో మొత్తం 30, తర్వాతి దాంట్లో 31, ఆ పై ఏడాది 47. చివరికి లివర్‌పూల్‌కు 660 మ్యాచ్‌ల్లో 346 గోల్స్. ఆ క్లబ్బులో ఇప్పటికీ అదే రికార్డు.

ఆ రెండు సీజన్ల మధ్య అతని కాళ్లకు కొత్తగా బలమేం రాలేదు. మారింది నిర్ణయం. యూట్యూబ్‌లో పాత వీడియోలు పెట్టుకుని చూడు. బంతి అందగానే ఒక్క టచ్, రెండో టచ్‌కు షాట్. అదీ పైకి కాదు, నేల బారున మూలకు. 1982లో అదే ఊరి పోటీ క్లబ్బు ఎవర్టన్ మీద వాళ్ల సొంత మైదానంలోనే నాలుగు గోల్స్ కొట్టాడు. చిన్నప్పుడు తాను అభిమానించిన జట్టు అదే!

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. పీఈటీగా పనిచేసిన రోజుల్లో నా టీంలో నీలాంటి పిల్లవాడు ఒకడు ఉండేవాడు. కాలు మంచిది, గోల్ ముందుకు రాగానే పక్కకు పాస్ ఇచ్చేవాడు. రెండు నెలలు పక్కన కూర్చోబెట్టాను. వాడు అడగలేదు, నేనూ చెప్పలేదు. ఒకరోజు బూట్లు తెచ్చి స్టోర్ రూం గడప మీద పెట్టి వెళ్లిపోయాడు. లేసులు విప్పి, మడిచి, లోపల పెట్టి మరీ. ఇరవై ఏళ్ల తర్వాత హనుమకొండ చౌరస్తాలో కలిసి, చాయ్ తాగుతూ అడిగాడు: “సార్, అప్పుడు నన్నెందుకు తీసేశారు?” రెండు నిమిషాల్లో చెప్పగలిగిన మాట అది. ఆ తప్పు నాది, ఇవాళ్టికీ బాధగానే ఉంది.

అందుకే రేపే వెళ్లి అడుగు. అందరి ముందు కాదు, ప్రాక్టీస్ అయ్యాక బంతులు సంచిలో వేసేటప్పుడు. “సార్, నా ఆటలో ఏం తక్కువైంది?” అను చాలు. కాలేజీ వెనక గోడ ఉంటే సుద్దతో రెండు మూలలా నేలకు ఆనించి మోకాలెత్తు డబ్బాలు గీయి. దోస్తును పక్క నుంచి బంతి విసరమను. ఒక టచ్‌తో ఆపి, రెండో దానితో డబ్బాలోకి కొట్టాలి. రోజూ కుడికాలితో ఇరవై, ఎడమకాలితో ఇరవై.

ఇంకోటి. బంతి పోగానే డిఫెండర్ మీదికి అందరికంటే ముందు ఉరికేది రష్షే. గోల్ రాని రోజు కూడా జట్టుకు పనికొచ్చేవాడు. నువ్వూ అలా ఉరికితే, నిన్ను బయట కూర్చోబెట్టే ముందు కోచ్ ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. చదువుకు బాపు అడిగిన గంటలు ఇవ్వు, ఆటకు తెల్లవారుజాము గంట అడుగు.

ప్రశ్న: అంతటి ఆటగాడు ప్రపంచ కప్‌లో ఒక్కసారీ కనిపించలేదేం?
– ఒక పాఠకురాలు, మంచిర్యాల

జవాబు: తప్పు అతనిది కాదమ్మా. అతని దేశం వేల్స్ జనాభా మన ఉమ్మడి వరంగల్ జిల్లా కంటే తక్కువ. 2011 లెక్కల్లో మనం 35 లక్షలు, వాళ్లు 31 లక్షలు. 1991లో ప్రపంచ చాంపియన్ జర్మనీని కార్డిఫ్‌లో 1–0తో ఓడించారు, ఆ గోల్ రష్‌దే. 1993 నవంబర్‌లో రుమేనియాను గెలిస్తే ప్రపంచ కప్‌కు వెళ్లేవాళ్లు. స్కోరు 1–1 ఉండగా పెనాల్టీ వచ్చింది. పాల్ బోడిన్ కొట్టిన బంతి క్రాస్‌బార్‌కు తగిలింది. 2–1తో ఓడిపోయారు. రష్‌కు అప్పటికే 32 ఏళ్లు. దేశానికి 73 మ్యాచ్‌ల్లో 28 గోల్స్ కొట్టాడు. ఆ రికార్డును 2018లో గ్యారెత్ బేల్ దాటాడు.

ప్రశ్న: రష్ ఇటలీ క్లబ్బు యువెంటస్‌కు వెళ్లి ఎందుకు ఫెయిలయ్యాడు?
– ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: 1987–88లో ఇటలీ లీగులో 7 గోల్సే కొట్టాడు. అక్కడి డిఫెన్స్ గట్టిది, జట్టు కూడా అప్పుడు బలంగా లేదు. ఏడాదికే లివర్‌పూల్‌కు తిరిగొచ్చాడు. నేను మాత్రం ఫెయిలయ్యాడని అనను. 1989 మే 20న లండన్ వెంబ్లీ స్టేడియంలో ఇంగ్లండ్ క్లబ్బుల ఎఫ్‌ఏ కప్ ఫైనల్. హిల్స్‌బరో స్టేడియం తొక్కిసలాటలో లివర్‌పూల్ అభిమానులు పోయి ఐదు వారాలే అయింది. ఎదుట మళ్లీ ఎవర్టన్. రష్ సబ్‌స్టిట్యూట్‌గా దిగి, ఎక్స్‌ట్రా టైంలో రెండు గోల్స్ కొట్టాడు. లివర్‌పూల్ 3–2తో గెలిచింది. కాజీపేట తమ్ముడు ఈ జవాబు కూడా చదవాలి. ఆ రోజు ఆట మొదలైనప్పుడు రష్ ఉన్నది బెంచీ మీదే.