‘రెడ్ రెడ్ వైన్’ అసలు ఎవరిది?

ప్రశ్న: యూబీ40 బృందం పాడిన ‘రెడ్ రెడ్ వైన్’ నిజానికి అమెరికా గాయకుడు నీల్ డైమండ్ రాసిన పాట అని ఈమధ్యే తెలిసింది. నెమ్మదిగా సాగే ఆ విషాద గీతం రెగే (జమైకాలో పుట్టిన సంగీత శైలి) పాటగా ఎలా మారింది?
- ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: నీల్ డైమండ్ ఈ పాటను 1967లో తన ఆల్బమ్ కోసం పాడారు. ప్రేయసిని మరచిపోలేక మద్యాన్ని ఆశ్రయించినవాడి గోడు అది. మరుసటి ఏడాది విడిగా విడుదలైనా అమెరికా చార్టులో (ఆదరణను బట్టి పాటలకు స్థానాలిచ్చే పట్టికలో) 62వ స్థానాన్ని మించి పైకి వెళ్లలేదు. దాన్ని రెగేలోకి తెచ్చిన ఘనతను చాలామంది యూబీ40కి కట్టబెడతారు గాని, ఆ పని 1969లోనే జమైకా గాయకుడు టోనీ ట్రైబ్ చేశారు. ఆయన రికార్డు బ్రిటన్‌లో 46వ స్థానం దాకా వెళ్లింది. మరుసటి ఏడాదే ఆయన కారు ప్రమాదంలో మరణించారు.

ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ కుర్రాళ్లైన యూబీ40 సభ్యులు (నిరుద్యోగ భృతికి వాడే ఫారం పేరునే బృందానికి పెట్టుకున్నారు) చిన్నప్పుడు విన్నది ఈ టోనీ ట్రైబ్ పాటనే. తమకు ఇష్టమైన పాత రెగే పాటలను తిరిగి పాడి 1983లో ‘లేబర్ ఆఫ్ లవ్’ ఆల్బమ్ తెచ్చినప్పుడు దీన్నీ చేర్చారు. రచయితగా ‘ఎన్. డైమండ్’ అన్న పేరు కనిపించినా, నీగస్ డైమండ్ అనే జమైకా కళాకారుడెవరో ఉన్నాడనుకున్నారట. అమెరికా పాటలను జమైకా గాయకులు తమ లయలో పాడుకోవడం ఆ రోజుల్లో మామూలే కాబట్టి, ఆ పొరపాటుకు వారిని తప్పుపట్టలేము.

వారి చేతిలో పాట స్వభావమే మారిపోయింది. దుఃఖం మాటల్లోనే మిగిలింది. బేస్ గిటార్ నింపాదిగా నడుస్తుంటే, తాళం దెబ్బకూ దెబ్బకూ నడుమ కీబోర్డు తళుక్కుమంటుంది. ఆల్బమ్‌లో బృంద సభ్యుడు ఆస్ట్రో లయబద్ధంగా మాటలు వల్లించే భాగం కూడా ఉంది, నా దృష్టిలో పాటకు ప్రాణం అదే.

బ్రిటన్‌లో అది వెంటనే మొదటి స్థానానికి చేరింది. అమెరికాలో మాత్రం 1984లో 34 దగ్గరే ఆగింది. 1988లో లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో నెల్సన్ మండేలా 70వ పుట్టినరోజు కచేరీలో బృందం పాల్గొంది. ఆ తరువాత అరిజోనా రాష్ట్రం ఫీనిక్స్ నగరంలోని ఒక రేడియో కేంద్రం పాటను మళ్లీ వినిపించసాగింది. శ్రోతల ఆదరణ చూసి రికార్డు కంపెనీ తిరిగి ప్రచారం చేపట్టగా, ఆ అక్టోబరులో అమెరికాలోనూ మొదటి స్థానం దక్కింది. నీల్ డైమండ్ సైతం ఆ తరువాత కచేరీలలో ఈ పాటను రెగే వరుసలోనే పాడారు.