మండువా మీద స్లాబ్ వద్దండీ, గోడలకి సిమెంటూ వద్దు

కోనసీమలో పాత మండువా ఇల్లు, అంటే నడుమ ఆకాశం కనిపించేలా పైన తెరిచిన మండువా ఉన్నది, కింద నుంచి చెమ్మెక్కి సిమెంటు ప్లాస్టర్ పెచ్చులూడుతోంది, ఓనర్ గారేమో మండువా మీద స్లాబ్ వేసేయమంటున్నారు, ఆర్కిటెక్టుగా మీకిది మొదటి ప్రాజెక్టు కాబట్టి కాదనలేకపోతున్నారు, అంతేగా.

ముందు చెమ్మ సంగతి. అది సున్నంతో కట్టిన గోడండీ, నేల తడి పీల్చినా మళ్లీ బయటికి ఆరిపోతుంది, దానిమీద సిమెంటు పూస్తే తడికి దారి మూసేసినట్టే, అందుకే ఉప్పు పేరుకుని పెచ్చులు లేస్తున్నాయి. సిమెంటంతా గీకించి, గోడ బాగా ఆరాక సున్నం ప్లాస్టరే చేయించండి, ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు ఇసుక, పల్చటి పూతలు, రోజూ తడుపుతూ ఉండాలి. వానాకాలంలో మాత్రం పెట్టుకోకండి. హైదరాబాద్ కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013లో మొదలైన పనిలో ఆగాఖాన్ ట్రస్టు వాళ్లు కూడా పాత రిపేర్ల సిమెంటు తీసేసి సున్నమే వేశారు, ఓనర్‌ గారికి ఆ ఫొటోలు చూపించండి.

ఇక స్లాబ్, దయచేసి వద్దు. వేడి గాలి పోయేదీ వెలుగు వచ్చేదీ అక్కడినుంచే. అసలు ఆయన బాధేంటో అడగండి, వాన జల్లా, కోతులా, దొంగల భయమా? చాలావరకు ఒక గ్రిల్, దానిపైన చుట్టూ గాలాడేలా ఎత్తులో గ్లాసు కప్పు వేస్తే తీరిపోతాయి, బరువు మాత్రం పాత దూలాల మీద మోపకుండా స్ట్రక్చరల్ ఇంజనీరుకి చూపించండి.

ఇంకోటి, ఇంట్లో మామ్మగారు ఉన్నారన్నారుగా, డ్రాయింగ్ మొదలెట్టే ముందు ఒక రోజంతా అక్కడే ఉండి ఆవిడ ఎక్కడ కూర్చుంటారో, రాత్రి బాత్రూంకి ఎన్ని గడపలు దాటాలో చూడండి, మండువా మెట్టు దగ్గర పట్టుకోడానికో కడ్డీ, పడకగది పక్కనే బాత్రూం, మీ ప్లాన్‌లో ముందు రావాల్సినవి ఇవే.